ధ్యానానికి సింగింగ్ బౌల్: కంచుదా, ఇత్తడిదా, స్ఫటికానిదా?

గోదావరి డెల్టాలోని పాత ఇళ్లలో పండుగలకో పెళ్లిళ్లకో అటక మీది సామాను దింపినప్పుడు, పెద్దవాళ్లు కంచు గ్లాసులను ఒక్కొక్కటిగా అరచేతిలో నిలబెట్టి, గోటితో మీటి, ఆ మోత ఎంతసేపు నిలిచిందో విని, ఇది అసలు కంచు, ఇది కాదు అని తేల్చి చెప్పేవారు. విశ్రాంతి కోసమో ధ్యానం కోసమో సింగింగ్ బౌల్, అంటే కర్రతో తట్టినా, అంచు చుట్టూ తిప్పినా మోగే గిన్నె, కొనాలనుకునేవారికి ఆ పరీక్ష ఈ రోజుకీ పనికొస్తుంది. అమ్మేవారు చెప్పే ఏడు లోహాల కథ, చక్రాల పేర్లు, గిన్నె మీద చెక్కిన అక్షరాలు చెవికి ఏమీ చెప్పవు. గిన్నె మోగిన తీరు, ఆ మోత అణగిన తీరు మాత్రమే చెబుతాయి.

నేను మొదట కొన్న గిన్నె ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది. సప్తలోహాలతో చేతిపనిగా చేసినదని రాసి ఉన్న ఆ గిన్నె, పెట్టె విప్పి కొట్టి చూస్తే గట్టిగా ఠంగుమని మోగి, పది సెకన్లు తిరగకుండానే ఆగిపోయింది. మా ఇంట్లో అన్నం తిన్న కంచు కంచం అంతకంటే ఎక్కువసేపు మోగుతుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని మొదలుపెట్టిన వెతుకులాట నుంచే ఈ పోలిక పుట్టింది.

ఏ గిన్నె కొనాలో నిర్ణయించుకునే ముందు దానితో మీకున్న పని ఏమిటో తేల్చుకోవాలి. కొందరికి అది ధ్యానం మొదలైందని, ముగిసిందని తెలిపే గంట మాత్రమే; జపాన్‌లో బౌద్ధ ఆలయాల్లోనూ ఇంటి పూజాపీఠాల ముందూ వాడే 'రిన్' అనే గిన్నెగంట చేసే పని ఇదే. మరికొందరికి ఆ నాదమే ధ్యాన విషయం: ఒకసారి కొట్టి, మోత సన్నబడుతూ నిశ్శబ్దంలో కలిసేదాకా మనసును దాని వెంట నడిపించడం వారి సాధన. మొదటి పనికి దాదాపు ఏ గిన్నె అయినా సరిపోతుంది, ఇంట్లో ఉన్న పూజగంట కూడా సరిపోతుంది. రెండో పనికి మాత్రం ఎంపికలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్కడ గిన్నె విలువంతా మోత మొదలైన తీరులో కాక, అది అణగే తీరులో ఉంటుంది.

కంచు గిన్నె, ఇత్తడి గిన్నె

సంతలోనూ ఆన్‌లైన్‌లోనూ ఒకేలా కనిపించే లోహపు గిన్నెల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి కంచును ఎర్రగా కాల్చి సుత్తెలతో సాగగొట్టి చేసినది. రెండోది ఇత్తడిని అచ్చులో పోసి, యంత్రం మీద తిప్పి నునుపు చేసినది. కంచు అంటే రాగి, తగరం కలిసిన లోహం. మంచి నాదం వచ్చే కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు ఉంటాయి. ఇత్తడి అంటే రాగి, జింకు. ఇంత తగరం ఉన్న కంచు చల్లగా ఉన్నప్పుడు పెళుసు కాబట్టి, దాన్ని చల్లారనివ్వకుండా మళ్లీమళ్లీ కొలిమిలో పెట్టి, వేడి మీదే కొట్టి సాగదీసి, చివరకు ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచుతారు. ఆ శ్రమ వల్లనే చేతితో చేసిన గిన్నె ధర ఎక్కువ; నేపాల్‌లో వీటిని సాధారణంగా తూకం మీద అమ్ముతారు. ఏడు లోహాలు కలిశాయన్న మాటకు వస్తే, పాత గిన్నెలను పరీక్షించిన చోట ప్రధానంగా రాగి, తగరమే కనిపించాయి. బంగారం, వెండి కలిశాయని చెప్పి ధర పెంచేవారిని నమ్మవలసిన అవసరం లేదు.

నాదంలో తేడా ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అర్థమైతే సగం ఎంపిక పూర్తయినట్లే. గిన్నెను పక్క నుంచి కొట్టినప్పుడు దాని గుండ్రని అంచు ఒకసారి ఇటు, ఒకసారి అటు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతూ సెకనుకు వందల సార్లు కంపిస్తుంది. అంచు మీద నాలుగు చోట్ల కదలిక ఎక్కువగా ఉంటే, వాటి మధ్య నాలుగు చోట్ల దాదాపు ఉండదు. చేత్తో కొట్టిన గిన్నె మందం అంతటా ఒకేలా ఉండదు కనుక, అందులో ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్న రెండు కంపనాలు పుడతాయి. సెకనుకు 200 సార్లు ఒకటి, 203 సార్లు ఒకటి కంపిస్తే, రెండూ కలిసి సెకనుకు మూడుసార్లు హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తాయి. పడవ లంగరు దగ్గర ఊగినట్టు నాదం ఊగుతుందే, అది ఇదే. అంతటా సమంగా ఉన్న యంత్రపు గిన్నెలో ఈ ఊపు తక్కువ. పైగా ఇత్తడి కంచు అంత గట్టిది కానందువల్ల కంపనం తొందరగా చల్లబడుతుంది.

కర్రను అంచు చుట్టూ తిప్పితే వచ్చే నాదానికి కారణం వేరు. కర్ర అంచును ఒక క్షణం పట్టి, మరుక్షణం జారుతూ, ఆ పట్టు-జారుడుల వరసతో గిన్నెను ఆగకుండా కదిలిస్తుంది. వయొలిన్ కమాను తీగ మీద చేసే పని కూడా ఇదే. 2011లో బెల్జియం, అమెరికాలకు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు నీళ్లు పోసిన గిన్నెలను ఇలా మోగించి, నీటి ఉపరితలం మీద అలలు లేచి, చివరకు బొట్లు ఎగిరి నీటి మీదే గెంతే తీరును కొలిచి వివరించారు. ఇంట్లో పిల్లలకు నాదం అంటే కదలికే అని చూపడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు.

కాబట్టి నాదమే ధ్యాన విషయంగా కూర్చునేవారికి నా సలహా కంచు గిన్నే. ఆరంభ సంకేతం మాత్రమే కావాలనుకునేవారు, పిల్లల చేతికి ఇచ్చేవారు, ప్రయాణంలో సంచిలో వేసుకునేవారు మాత్రం ఇత్తడి గిన్నెను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అది కింద పడినా సొట్టపోతుందే గాని పగలదు, కంచు గిన్నె గచ్చు మీద పడితే బీటవారుతుంది. ఈ రెండు లోహాల మోతల తేడా చెవికి పట్టాలంటే దూరం వెళ్లనక్కరలేదు. తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి సామానుకు పేరున్న ఊరు. అక్కడి దుకాణంలో ఒక ఇత్తడి చెంబును మీటి, ఇంటికి వచ్చి పాత కంచు గ్లాసును మీటి చూస్తే, ఇక ఏ అమ్మకందారు మాటకూ మోసపోరు.

స్ఫటిక గిన్నెలు

తెల్లగా, పెద్దగా, అందంగా కనిపించే స్ఫటిక గిన్నెలను క్వార్ట్జ్ పొడిని గిరగిర తిరిగే అచ్చులో చాలా ఎక్కువ వేడికి కరిగించి తయారుచేస్తారు. ఇవి పురాతన వస్తువులు కావు. కంప్యూటర్ చిప్‌ల కోసం సిలికాన్‌ను కరిగించే మూసలుగా మొదలైన పాత్రలే తరువాత సంగీతానికి వచ్చాయి. వీటి నాదం శుద్ధంగా, ఒకే స్వరంగా, చాలా బలంగా, చాలాసేపు ఉంటుంది. ఒక హాలులో పదిమందిని పడుకోబెట్టి వినిపించేవారికి ఇది గొప్ప సాధనం.

మన ప్రాంతంలోని మామూలు ఇంటికి మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ఇప్పటి డాబా ఇళ్లలో స్లాబు, టైల్సు, ప్లాస్టరు గోడలు కలిసి ధ్వనిని గదిలోనే తిప్పి కొడతాయి. పది అడుగుల గదిలో పెద్ద స్ఫటిక గిన్నెను మోగిస్తే ఆ ఒకే స్వరం చెవుల మధ్య పేరుకుపోయి, కాసేపటికి విశ్రాంతికి బదులు తలనొప్పి తెస్తుంది. దానికి తోడు బరువు, పగిలే భయం, పెట్టడానికి చోటు. పాత పెంకుటింటి మండువాలో, చుట్టూ చెక్క స్తంభాలు, పైన ఆకాశం ఉన్నచోట మాత్రం స్ఫటికం కూడా హాయిగా వినిపిస్తుందని ఒప్పుకోవాలి. అలాంటి ఇల్లు, తగిన డబ్బు, నలుగురు కలిసి కూర్చునే అలవాటు మూడూ ఉన్నవారు ఆలోచించవచ్చు.

పరిమాణం, చుట్టుపక్కల శబ్దం

గిన్నె పెద్దదయ్యేకొద్దీ స్వరం మంద్రమవుతుంది, దాని గోడ మందం పెరిగేకొద్దీ స్వరం హెచ్చుతుంది. మూడు నాలుగు అంగుళాల గిన్నె పూజగంటలా సన్నగా పలుకుతుంది. తొమ్మిది పది అంగుళాలది రెండు కిలోలకు అటూఇటూ తూగుతూ ఒళ్లో పెట్టుకుంటే ఎముకల్లోకి దిగినట్టు హుంకరిస్తుంది. వీటి మధ్య ఆరేడు అంగుళాల గిన్నె అరచేతిలో నిలుస్తుంది, వృద్ధుల మణికట్టుకు భారం కాదు, కొట్టినా తిప్పినా తేలిగ్గా పలుకుతుంది. మొదటి గిన్నెగా ఇదే సరైనదని నా అభిప్రాయం.

ఇక్కడ డెల్టాకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. భీమవరం చుట్టుపక్కల, ఇంకా అనేక ఊళ్లలో రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి, ఆ శబ్దం మంద్రంగా, ఎడతెగకుండా గాలిలో నిలిచి ఉంటుంది. అలాంటి చోట పెద్ద గిన్నె మంద్రస్వరం ఆ హోరులో కలిసిపోయి, అణగే మోత చివరి భాగం, అంటే ధ్యానానికి అసలు కావలసిన భాగం, వినిపించకుండా పోతుంది. చెరువుల పక్కన ఉండేవారు ఒక మెట్టు చిన్న గిన్నెను, అయిదారు అంగుళాల దాన్ని ఎంచుకుంటే నాదం ఆ హోరుకు పైన తేలుతుంది. వానాకాలం కప్పల గోల ఉన్నప్పుడు లెక్క తారుమారవుతుంది. అప్పుడు కాస్త మంద్రస్వరమే నయం. కాలువ గట్టున, కొబ్బరితోటలో ఉండేవారికి ఈ ఇబ్బందులు తక్కువ కనుక చెవికి నచ్చినదే కొలత.

ఏడు చక్రాలకు ఏడు గిన్నెలంటూ అమ్మే సెట్టును వదిలేయండి. ఫలానా స్వరం ఫలానా చక్రాన్ని కదిలిస్తుందన్నదానికి గాని, 432 హెర్ట్జ్ (సెకనుకు 432 కంపనాలు) అనే సంఖ్యకు ప్రత్యేక శక్తి ఉందన్నదానికి గాని శాస్త్రీయమైన ఆధారం లేదు. ఏడు నాసిరకం గిన్నెలకు పెట్టే డబ్బుతో ఒక్క మంచి కంచు గిన్నె వస్తుంది, ఒక్క గిన్నెతో కూర్చున్నప్పుడే మనసు నిలకడగా ఉంటుంది. టిబెట్ ఆశ్రమాల రహస్య విద్య అన్న ప్రచారానికి కూడా గట్టి చారిత్రక ఆధారం కనిపించదు. హిమాలయ ప్రాంతంలో ఇవి చాలావరకు ఇంటి పాత్రలు, 1970ల నుంచి పాశ్చాత్య దేశాల్లో ధ్యాన సాధనాలుగా ప్రచారమయ్యాయి. కోనసీమలోని అదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది కదా అని దానికీ ఈ గిన్నెలకూ సంబంధం కలపడం కూడా సరికాదు. చరిత్ర లేకపోయినంత మాత్రాన నాదానికి వచ్చిన లోటేమీ లేదు.

గిన్నె లేకుండా

కొనే ముందు కొనకుండా గడిచే మార్గాలను కూడా నిజాయితీగా తూచి చూడాలి. ఫోనులో దొరికే రికార్డింగులు ఉచితమే అయినా, ఫోను స్పీకరు మంద్రస్వరాలను దాదాపు పలికించలేదు; గిన్నె అడుగుస్వరం పోయి పైపైని సన్నని స్వరాలే వినిపిస్తాయి. మంచి హెడ్‌ఫోను ఉంటే కొంత నయం, శబ్దం మాత్రం తక్కువలో పెట్టుకోవాలి. అన్నిటికంటే పెద్ద లోటు ఏమిటంటే, రికార్డింగులో మన చెయ్యి లేదు: కర్ర ఎత్తడం, కొట్టడం, ఆగడం అనే మూడు పనుల్లోనే మనసు సగం కుదుటపడుతుంది.

పిల్లలు సంగీతం నేర్చుకునే ఇళ్లలో శ్రుతిపెట్టె ఉండనే ఉంటుంది. అది ఎడతెగని ఆధారస్వరం ఇస్తుంది, గిన్నె తగ్గిపోయే స్వరం ఇస్తుంది. శ్రుతిపెట్టె ముందు ఓంకారం చేసేవారికి, గొంతుతో సాధన చేసేవారికి గిన్నె అవసరం పెద్దగా లేదు. మౌనంగా కూర్చుని వినేవారికి శ్రుతిపెట్టె కాసేపటికి అలవాటైపోయి వినిపించకుండా పోతుంది. అణగిపోతున్న మోతకు మాత్రం చెవి తనంతట తానే ముందుకు వంగుతుంది. ఇక పైసా ఖర్చు లేని దారి భ్రామరి ప్రాణాయామం. కళ్లు మూసుకుని, శ్వాస వదులుతూ తుమ్మెదలా ఝుంకారం చేస్తే గిన్నె ఒళ్లో ఉన్నట్టే కపాలం కంపిస్తుంది. గిన్నె కొనాలా వద్దా అన్న సందేహంలో ఉన్నవారు ముందు ఒక నెల భ్రామరి చేసి చూడాలని నా మనవి. ఆ నెల కూర్చోలేనివారు గిన్నె కొన్నా కూర్చోలేరు.

దేహానికి ఎంతవరకు మేలు

ఈ నాదం వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ఉన్న ఆధారం చిన్నది, అయినా లేకపోలేదు. 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 51 మంది పాల్గొన్నారు. ఒకరు చెబుతుండగా ఒళ్లు వదులు చేసుకునే మార్గదర్శక విశ్రాంతికి ముందు గిన్నె నాదం విన్నప్పుడు, నిశ్శబ్దంగా కూర్చున్నప్పటికంటే పై రక్తపోటు, గుండె వేగం ఎక్కువగా తగ్గాయి. 2016లో వెలువడిన మరో అధ్యయనంలో 62 మంది నాద ధ్యానం తరువాత ఆందోళన, కోపం, అలసట తగ్గాయని తెలిపారు, కాని పోల్చడానికి మరో బృందం అందులో లేదు. 2020లో ఇటువంటి పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించినవారికి లెక్కలోకి తీసుకోదగినవి నాలుగే దొరికాయి. చికిత్సగా సూచించడానికి అవి చాలవని వారు తేల్చారు. అందువల్ల నిద్రకు ముందు మనసు నెమ్మదించడానికి దీన్ని వాడుకోవడం మంచిదే గాని, దీన్ని నమ్ముకుని రక్తపోటు మాత్రలు మానడం తగదు.

పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, శబ్దం వల్ల మూర్ఛ వచ్చేవారు గిన్నెను ఒంటి మీద పెట్టించుకునే ముందు వైద్యుణ్ణి అడగాలి. చెవిలో హోరు ఉన్నవారు గదికి ఆ చివర గిన్నె ఉంచి, నెమ్మదిగా ఒక్కసారి కొట్టి చూసి, ఇబ్బంది అనిపిస్తే వెంటనే మానాలి. ఎవరి చెవి పక్కనా, పసిపిల్లల దగ్గరా గట్టిగా కొట్టరాదు. ఆ గిన్నెలో నీళ్లు పోసి తాగమనే సలహాను పాటించకండి. లోహంలో ఏం కలిపారో తెలియని పాత్ర తాగడానికి తగదు.

కొనేటప్పుడు, కొన్నాక

దుకాణంలో గిన్నెను వేళ్లతో పట్టుకోకుండా, చదునుగా చాచిన అరచేతి మధ్య నిలబెట్టి, మెత్త చుట్టిన కర్రతో పక్క మీద, అంచుకు కాస్త దిగువన, ఒక్కసారి తట్టండి. కళ్లు మూసుకుని మోత పూర్తిగా ఆగేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఆరంగుళాల కంచు గిన్నె ముప్పై దాటకుండా ఆగిపోతే మరొకటి చూడాలి. మోతలో జివ్వుమన్న చీలిక వినిపిస్తే సన్నని బీట ఉన్నట్టు. తరువాత తోలు చుట్టిన కర్రతో అంచు వెంట, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా కదిలేలా, నెమ్మదిగా తిప్పండి. గరగరమని చప్పుడైతే వేగం తగ్గించి ఒత్తిడి పెంచాలి. మూడుసార్లు ప్రయత్నించినా పలకని గిన్నె ఇంటికి వెళ్లాక కూడా పలకదు. ఆన్‌లైన్‌లో కొనక తప్పనివారు, సంగీతం కలపకుండా ఆ గిన్నె మోతే ఆగేదాకా రికార్డు చేసిన వీడియో పంపమని అడగాలి, వెనక్కి తీసుకుంటామన్న హామీ లేని చోట కొనకూడదు.

గిన్నెతో వచ్చే పట్టు దిండు చూడడానికి బాగున్నా, మెత్తగా లోపలికి దిగిపోయి గిన్నె అడుగును చుట్టుకుంటే మోతను నొక్కేస్తుంది. కోనసీమలో దొరికే కొబ్బరి పీచు తాడుతో అరచేయంత చుట్టకుదురు చుట్టించుకుంటే, గిన్నె నిలకడగా కూర్చుంటుంది, నాదానికి అడ్డూ ఉండదు. సాధన పదినిమిషాలు చాలు: ఒకసారి కొట్టి, మోత ఎక్కడ ఆగిందో కచ్చితంగా పట్టుకోవడానికి ప్రయత్నించి, తరువాతి నిశ్శబ్దంలో మూడు నాలుగు శ్వాసలు కూర్చుని, మళ్లీ కొట్టాలి. తెల్లవారుజామున గుడి మైకు మొదలవకముందు గాని, రాత్రి భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగాక గాని ఇది బాగా కుదురుతుంది.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి కంచు తొందరగా నల్లబడి, తుడవకుండా వదిలేస్తే అంచు కింద పచ్చగా చిలుము పడుతుంది. నల్లదనం నాదాన్ని తగ్గించదు కనుక దాన్ని చూసి కంగారుపడనక్కరలేదు. చిలుము కనిపిస్తే మాత్రం నానబెట్టిన చింతపండుతో మెత్తగా తోమి, మంచినీళ్లతో కడిగి, తడి లేకుండా వెంటనే తుడవాలి; లోపల బొమ్మలు, అక్షరాలు చెక్కి రంగు వేసిన గిన్నెకు చింతపండు తగిలితే ఆ రంగు పోతుంది. వానాకాలం నాలుగు నెలలూ దాన్ని పాత నూలు చీర ముక్కలో చుట్టి, పిల్లల చేతికి అందని, కింద పడని చోట, గోడకు తగలకుండా పెట్టుకోండి.